వేలు పట్టేంత సందు

ఊరంతా చుట్టాలే గాని ఉట్టి కట్టడానికి తావు లేదన్నట్టు ఉంటుంది ఆ వ్యానులో ఇంజిను సంగతి. డ్రైవరు సీటు ఎత్తితే కింద పెట్టెలాంటి గుంత. ఒకప్పుడు ఆ గుంతలో చిన్న ఇంజిను హాయిగా కాళ్లు చాపుకుని కూర్చునేది. అది ముసలిదై పొగలు కక్కడం మొదలుపెట్టాక, చోడవరంలో మాడుగుల రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న ఉమామహేష్ దాన్ని దింపేసి, అంతకంటే బలమైనది ఒకటి తెచ్చి ఎక్కించాడు. బలం పెరిగింది. చోటు మాత్రం ఎక్కడ పెరుగుతుంది? కొత్త ఇంజినుకి డీజిల్ పంపు ఉన్న పక్కనే సీటు కింది రేకు అంచు కత్తిలా నిలబడి ఉంది. పంపులోకి డీజిల్ పైపు వచ్చి చేరేది సరిగ్గా ఆ రెండింటి మధ్య నుంచే.

వ్యాను ఎవరిదో అయితే ఉమామహేష్ ఇంత మథనపడేవాడు కాదు. అది అతని అప్ప, అంటే తోడబుట్టిన అక్క, సన్యాసమ్మది. మాడుగులలో ఆమె హల్వా కాస్తుంది. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, పులియనిచ్చి, కట్టెల పొయ్యి మీద నెయ్యి పోస్తూ గరిటె తిప్పీ తిప్పీ ఆమె భుజాలు మగవాళ్ల భుజాల్లా తయారయ్యాయి. ఆ హల్వా డబ్బాలను వ్యానుకెత్తించి, డ్రైవరు సత్తిబాబు పక్కన తానూ కూర్చుని, చోడవరం నుంచి అనకాపల్లి దాకా కొట్లకి వేసుకుంటూ పోతుంది. నెయ్యికి ఒక పాడు బుద్ధి ఉంది. పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పట్టేసుకుంటుంది. మల్లెపూలు పెడితే మల్లెపూల వాసన, డీజిల్ కారితే డీజిల్ వాసన.

ఇంజిను మార్చాక మొదటిసారి ఉమామహేష్ పంపుకి తిన్నని నిపుల్, అదే పొట్టి గొట్టం ముక్క, బిగించి, దాని మీదికి రబ్బరు పైపు తొడిగి, క్లిప్పు వేశాడు. తిన్నని నిపుల్‌తో చిక్కేమిటంటే, పైపు ముందు కొంత దూరం తిన్నగా వచ్చి గాని వంగదు. అంత దూరం అక్కడ లేదు. పైపు వచ్చీ రాగానే రేకు అంచుకి ఒరుసుకుని, నెల తిరక్కుండానే చిల్లు పడింది.

రెండోసారి ఎల్బో తెచ్చాడు. మోచేతిలా వంగి ఉంటుంది గనక చోటు తక్కువ తింటుందనుకున్నాడు. తక్కువే తింది. కానీ మరలు తిప్పి బిగించేటప్పుడు ఆ మోచెయ్యి చుట్టూ తిరగాలి గదా, తిరగడానికి చోటేది? ఎలాగో కిందా మీదా పడి బిగించాడు. గట్టిగా బిగిస్తే దాని మూతి ఆకాశం చూస్తోంది. మూతి సరైన దిక్కుకి తిప్పితే మర పావు చుట్టు వదులుగా ఉండిపోతోంది. ఆ పావు చుట్టే కొంప ముంచింది. బొట్టు బొట్టుగా డీజిల్ చెమర్చి, ఆ వారం వెళ్లిన డబ్బాల నిండా వాసన కొట్టింది.

ఆ డబ్బాలు వెళ్లింది రావికమతం. సన్యాసమ్మ చిన్నప్పటి నేస్తం మణెమ్మ మనవరాలికి పెళ్లి నిశ్చయం చేసే ప్రధానం జరుగుతుంటే పంపిన హల్వా అది. పాస్టరు గారు ప్రార్థన చేసి కూర్చున్నాక పళ్లేల్లో పెట్టారు. జనం ఒక్కో ముక్క నోట్లో వేసుకుని, మొహమొహాలు చూసుకుని, మంచినీళ్లు తాగారు. మణెమ్మ పళ్లెం మీద తువ్వాలు కప్పి లోపల పెట్టేసి ఒక్క మాట కూడా అనలేదు. ఖాళీ డబ్బాలు తిరిగొచ్చాక, కడగబోతూ ముక్కు దగ్గర పెట్టుకున్న సన్యాసమ్మకి అప్పుడు తెలిసింది.

మూడోసారి ఉమామహేష్ బాంజో వేశాడు. అందులో అతనికి అనుమానమే లేదు. ఉంగరంలాంటి చుట్టు, దాని మధ్యలోంచి కన్నాలున్న బోల్టు, చుట్టుకి అటొక రాగి వాషరు, ఇటొక రాగి వాషరు. ముందు పైపుని ఏ దిక్కుకి కావాలంటే ఆ దిక్కుకి పెట్టుకుని, తర్వాత బోల్టు బిగించుకోవచ్చు. ఎత్తు తక్కువ, తిరగాల్సిన పని లేదు, మూతి ఆకాశం చూసే గొడవే లేదు. బిగించాక పైపుకీ రేకు అంచుకీ మధ్య చూపుడువేలు దూర్చి చూశాడు. వేలు పట్టింది.

ఈ వేలు లెక్క అతని గురువు యెహోషువ మేస్త్రి దగ్గర నేర్చుకున్నది. మేస్త్రి ఇప్పుడు పని మానేసి కె.కోటపాడులో కొడుకు దగ్గర ఉంటున్నాడు గాని, ఆయన మాట మాత్రం ఉమామహేష్ షెడ్డులోనే ఉంది. "వేలు పట్టని సందులో పైపు పెట్టకు. వేలు పట్టిందా, ఇంజిను ఊగినా తగలదు, ఇంక ఎనక్కి తిరిగి సూడకు" అనేవాడు. ఉమామహేష్ తన బతుకంతా ఆ లెక్క మీదే బండ్లు బయటికి పంపాడు. వేలు పట్టిన చోట పెట్టిన పైపు ఏదీ ఒరుసుకుందని తిరిగి రాలేదు.

ఇప్పుడు వచ్చింది.

మంగళవారం పొద్దున్న వ్యాను షెడ్డు ముందు ఆగింది. సన్యాసమ్మ దిగింది. చేతిలో ఎప్పటిలాగే హల్వా పొట్లం ఉంది. తెచ్చి పనిముట్ల బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ లేనిది, తిను అనలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏడాది కిందట ఉమామహేష్‌కి సుగరు వచ్చింది. మనిషి బాగా తగ్గాడు, బెల్టుకి కొత్త కన్నాలు పొడుచుకున్నాడు. ఈ సంగతి అతని భార్య అశ్వినికీ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. మిగతా లోకానికి తెలిసినా అతనికి బాధ లేదు, అప్పకి తెలియకూడదు. ఎందుకంటే సన్యాసమ్మ వారం వారం వ్యాను దిగి, పొట్లం విప్పి, తమ్ముడు ఒక ముక్క నోట్లో వేసుకునేదాకా టీ గ్లాసు ముట్టుకునేది కాదు. ఆ ముక్క కోసం అతను ముందు రోజు నుంచే అన్నం తగ్గించుకునేవాడు. మిగతా పొట్లం ఆమె వెళ్లగానే ఇరుగుపొరుగు ఇళ్లకి పోయేది. షెడ్డు వెనకే ఇల్లు. అశ్విని కిటికీలోంచి ఇదంతా చూసి, రాత్రి భోజనాల దగ్గర సణిగేది.

"సెప్పెయ్యొచ్చు గదా. ఆవిడేటి కొడతాదా?"

"అప్ప సేతి హల్వా నాకొద్దని ఏ నోటితో సెప్పమంటావే?" అనేవాడు.

సన్నబడ్డావేంట్రా అని అప్ప అడిగితే ఎండాకాలంలో ఎండలన్నాడు, వానాకాలంలో పనెక్కువన్నాడు. ఏడాదంతా ఆ 'తిను' అన్న మాటకి భయపడి చచ్చిన మనిషి, ఇవాళ ఆ మాట వినపడకపోయేసరికి పొట్లం వంకా అప్ప వంకా మార్చి మార్చి చూశాడు.

"వాసనొస్తంది," అంది సన్యాసమ్మ.

"మళ్లీనా? ఎప్పుడప్పా?"

"ఖాళీ బండికి రాదు మేస్త్రీ," అన్నాడు సత్తిబాబు. "డబ్బాలేసుకుని కాలవ వంతెన ఎక్కినప్పుడు గుప్పుమంటంది. దిగీసరికి పోతంది. నాకే అనుమానం, నా ముక్కే సెడిందేమోనని."

"నీ ముక్కు బాగానే ఉంది. నా ముక్కూ బాగానే ఉంది," అంది సన్యాసమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఉమామహేష్‌కి ఎక్కువ కష్టంగా తోచింది. "గురువారం మణెమ్మ మనవరాలి పెళ్లి. ప్రధానం నాడు ఏటయిందో నీకు తెలుసు. మణెమ్మ ఒక మాటని ఉంటే బాగుండును, అన్లేదు. పెళ్లికి నానే తెచ్చి పెడతానని మాటిచ్చీసేను. ఈసారి కూడా వాసనొచ్చిందనుకో, ఇంక బండి నీకు సూపించను తమ్ముడా. అనకాపల్లిలో ఎవర్నో సూసుకుంటాను."

ఉమామహేష్ టార్చి కోసం బల్ల సొరుగు లాగాడు. చిన్నప్పుడు తనను చంకనేసుకుని బడిలో దించింది ఆమె. తనకి ఆ పేరు పెట్టిందీ ఆమే. ఇంట్లో అందరికీ సన్యాసి పేర్లే ఉన్నాయి, వీడికైనా కొంచెం నాజూకు పేరుండాలని పట్టుబట్టిందట. షెడ్డు తెరిచిన రోజున రిబ్బన్లూ కొబ్బరికాయలూ అయ్యాక మొదటి బండిగా లోపలికొచ్చింది ఆమె పాత వ్యానే. అది ఇంకొకరి షెడ్డుకి వెళ్తే చోడవరంలో నలుగురూ నవ్వుతారన్నది చిన్న సంగతి. వారం వారం అప్ప ముఖం చూడటానికి తనకి ఇంకో వంక లేదన్నది పెద్ద సంగతి.

సీటు ఎత్తాడు. టార్చి వేసి చూశాడు. బాంజో బోల్టు దగ్గర పొడిగా ఉంది, వాషర్లు బాగున్నాయి. కానీ చుట్టు నుంచి వచ్చే ఇనప పైపు మెడ మీద, రేకు అంచుకి ఎదురుగా, గోరుతో గీరినట్టు మెరుస్తున్న మచ్చ. మచ్చ మధ్యలో వెంట్రుకంత చీలిక. బరువు పడినప్పుడే అది తెరుచుకుంటోంది కాబోలు.

చూపుడువేలు దూర్చాడు. సులువుగా పట్టింది. తీసి మళ్లీ దూర్చాడు.

"వేలు పడతంది," అన్నాడు తనలో తను. "అయినా రాసుకుంటంది. ఇదేటి మాయ?"

"బండి నిలబడి ఉన్నప్పుడు బుద్ధిమంతురాలే మేస్త్రీ. నడిసినప్పుడు సూడాల," అన్నాడు సత్తిబాబు.

మాట నిజమే, కానీ చూడటం ఎలా? బండి నడవాలంటే సీటు మూయాలి, దాని మీద సత్తిబాబు కూర్చోవాలి. మూసిన గుంతలో ఏం జరుగుతుందో చూడటానికి కన్ను దూరదు. ఆ సందులో మెత్తనిది ఏదైనా పెట్టి, తిప్పి తెచ్చి, ఎంత నలిగిందో చూస్తే తెలుస్తుంది. గ్రీజు పెడదామంటే వేడికి జారిపోతుంది. మట్టి పెడితే ఇసక రాలి పంపు చుట్టూ చేరుతుంది. దూది నలిగినట్టే నలిగి మళ్లీ పొంగుతుంది. ఇలా ఒక్కొక్కటీ తోసేస్తూ వచ్చిన ఉమామహేష్ చూపు బల్ల మీది పొట్లం దగ్గర ఆగింది.

వెళ్లి పొట్లం విప్పాడు. గోధుమరంగులో నిగనిగలాడుతున్న ముక్కను వేలితో నొక్కాడు. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది, చేతికి అంటలేదు.

"అప్పా, కోప్పడకు," అన్నాడు.

"ఏటి సేస్తన్నావురా దాన్ని?"

చెప్పాడు. సన్యాసమ్మ తమ్ముడి చేతిలోని ముక్క వంక చూసింది. తెల్లారి లేచి స్నానం చేసి, దేముడి దగ్గర పెట్టి తెచ్చిన హల్వా. దాన్ని ఇంజినుకి పులుముతాడట. సత్తిబాబు గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నవ్వు ఆపుకోవడానికి.

చివరికి ఆమె బల్ల దగ్గరికొచ్చి, అతని చేతిలోని ముక్క లాక్కుని పొట్లంలో పెట్టేసింది. "అది కాదు. అది మధ్య ముక్క, నెయ్యెక్కువుంటాది. వేడి తగిల్తే కారిపోద్ది," అంటూ అంచు నుంచి ఇంకో ముక్క తుంచింది. "ఇది కళాయి అంచున బాగా ఉడికింది. గట్టిగా ఉంటాది. ఇది పెట్టు."

ఆ ముక్కను ముద్దలా నలిపి ఉమామహేష్ పైపు మెడ మీద, మచ్చకి సరిగ్గా, ఆ సందు నిండేలా పెట్టాడు. సీటు మూశాడు. డబ్బాల బరువుకి బదులు షెడ్డులో ఉన్న పాత గేరుపెట్టెలు, డ్రమ్ములు, చివరికి విరిగిన ట్రాక్టరు యాక్సిల్ కూడా వెనకాల ఎక్కించాడు. సత్తిబాబు సీటు మీద, సన్యాసమ్మ పక్కన, ఉమామహేష్ వెనక యాక్సిల్ మీద. వంతెన దాకా వెళ్లి, ఎక్కి, దిగి, తిప్పుకుని వచ్చారు. వంతెన ఎక్కేటప్పుడు సత్తిబాబు చెప్పినట్టే వాసన గుప్పుమంది. 

సీటు ఎత్తేసరికి హల్వా ముద్ద దోసె అంచంత పలచగా నలిగి ఉంది. మచ్చ ఉన్న చోటైతే అసలు లేదు, కింద ఇనుము కనపడుతోంది. రేకు అంచు ముద్దలోంచి దిగి పైపుని ముట్టుకుందన్నమాట.

"ఇంజిను ఊగతంది," అన్నాడు ఉమామహేష్. "బరువుతో గట్టెక్కినప్పుడు ఇటు ఒరుగుతంది. కానీ ఎంత ఒరిగినా వేలు సందుంటే తగలకూడదప్పా. ఇంతకంటే ఎక్కువ ఊగే బండ్లు సేసేను. మేస్త్రి లెక్క ఎన్నడూ తప్పలేదు."

మళ్లీ వేలు దూర్చాడు. మళ్లీ పట్టింది. లెక్క చెప్పిన గురువుని తప్పనలేడు, కళ్లెదుట ఉన్న మచ్చని కాదనలేడు. అతని మొహం చూసి సన్యాసమ్మకి జాలేసింది.

"జరుగు. ఏదీ, నన్ను పెట్టనీ," అంది.

"నీకెందుకప్పా, సేతులు పాడవుతాయి."

"పెట్టనీరా."

వంగి, గాజులు వెనక్కి తోసుకుని, చూపుడువేలు ఆ సందులో పెట్టింది. గోరు వెళ్లింది. గోరు దాటి వేలు వెళ్లలేదు. కొంచెం తిప్పి నెట్టింది. వెళ్లలేదు.

"నాకు పట్టలేదేటి?" అంది.

"నీ వేలు లావప్పా. గరిటె తిప్పి తిప్పి..."

"ఏటి లావు? మనిద్దరిదీ నాన్న సెయ్యే. నాను పెట్టుకున్న నాన్న ఉంగరమే గదా నీ పెళ్లినాడు తీసి నీకు పెట్టేను. నాకు సరిగ్గా ఉండేది, నీకు ఇరుగ్గా ఉండేది." మాట్లాడుతూనే ఆమె తమ్ముడి చెయ్యి చూసింది. "ఉంగరమేదీ?"

గుమ్మం పక్కన క్యాలెండరు మేకుకి ఆ వెండి ఉంగరం వేలాడుతోంది. కొన్నాళ్లుగా అక్కడే ఉంటోంది. బ్యాటరీ దగ్గర ఉంగరంతో పనిచెయ్యకురా, వేలు కాలుతుంది అని యెహోషువ మేస్త్రి మొత్తుకున్న రోజుల్లో అది ఊడి రానేరాదు. సబ్బు నురగ పట్టించి, పళ్లు బిగించి లాగితే గాని వచ్చేది కాదు. ఈమధ్య చేతులు కడుక్కుంటుంటేనే జారిపోతోందని తీసి మేకుకి తగిలించి, నాకు ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని ఉమామహేష్ అందరికీ చెప్పుకుంటున్నాడు. అది బుద్ధి కాదని అతనికి ఆ క్షణం దాకా తోచలేదు.

సన్యాసమ్మ మేకు మీది ఉంగరం తీసింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని, గ్రీజు మరకలున్న ఆ వేలికి తొడిగింది. ఉంగరం ఎక్కడా ఆగకుండా వేలి మొదలుదాకా జారింది. చెయ్యి కిందికి వంచితే మళ్లీ జారి ఆమె అరచేతిలో పడింది.

సూది కోసం సోదికెళ్తే పాత సంగతులన్నీ బయటపడ్డాయని సామెత. డీజిల్ పైపు కోసం వెళ్తే ఏం బయటపడుతుందో ఏ సామెతా చెప్పలేదు.

"ఎన్నాళ్లయిందిరా?" అంది.

"ఏటప్పా?"

"సుగరు. నాకు తెల్దనుకోకు. మా వీధిలో ఇద్దరు ఇలగే తగ్గిపోయేరు."

ఉమామహేష్ కిటికీవైపు చూశాడు. అక్కడ అశ్విని నిలబడి ఉంది. ఆమె అక్కడి నుంచి కదల్లేదు, అతనికి సాయమూ రాలేదు.

"ఏడాది," అన్నాడు.

సన్యాసమ్మ పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయింది. ఏడాదంటే ఎన్ని వారాలు, ఎన్ని ముక్కలు అని లెక్కపెడుతున్నట్టు ఆమె పెదవులు కదిలాయి గాని, లెక్క పూర్తి చెయ్యలేదు. కొంగు కళ్లకి అద్దుకుంది.

"వారం వారం ఎదురుగా నిలబడి మరీ తినిపించేను గదరా," అంది. "అప్పా నాకొద్దు అని ఒక్క మాటనలేకపోయేవా? నా హల్వా ఎక్కువా, నువ్ ఎక్కువా?"

"నువ్ తిను అంటే వద్దనడం నావల్ల కాలేదప్పా. ఇయ్యాల నువ్ తిను అనలేదు. సుగరొచ్చిందని డాక్టరు సెప్పినప్పుడు కూడా ఇంత బాధపళ్లేదు."

సత్తిబాబు అప్పటికే టీ తెస్తానని రోడ్డు దాటాడు. షెడ్డులో అక్కాతమ్ముళ్లిద్దరే మిగిలారు. సన్యాసమ్మ తమ్ముడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ పట్టి చూసింది. చిన్నప్పుడు లెక్కలు నేర్పేటప్పుడు కూడా అలాగే పట్టుకునేది.

ఉమామహేష్‌కి అప్పుడు అసలు సంగతి మెల్లగా తలకెక్కింది. మేస్త్రి లెక్క తప్పలేదు. వేలే తప్పింది. యెహోషువ మేస్త్రి వేలు అరటిపండులా ఉండేది, తన వేలు కూడా మొన్నమొన్నటిదాకా దానికి తీసిపోయేది కాదు. ఆ వేలు ఏడాదిగా కంటికి ఆనకుండా అరుగుతూ వస్తే, దానితో కొలిచిన సందులు కూడా దానితోపాటే ఇరుకైపోతూ వచ్చాయి. సరి చూసుకోవడానికి ఇంకో కొలత అతని దగ్గర లేదు. కొలబద్ద కుంచించుకుపోతే గుడ్డ పొడుగైనట్టే కనిపిస్తుంది. ఈ ఏడాది తన చేతి మీదుగా పోయిన బండ్లన్నీ కళ్ల ముందు వరస కట్టాయి. వాటన్నిటినీ పిలిపించి మళ్లీ చూడాలి. ఎవరేమనుకున్నా సరే.

"లే అప్పా," అన్నాడు. "నీ వేలు కావాల."

పాత సామాన్ల పెట్టె నేల మీద కుమ్మరించి వెతికాడు. కొత్త బాంజోలకి మెడ పొడుగు. పాత బండి ఒకటి విప్పినప్పుడు దాచుకున్న పొట్టి మెడ బాంజో దొరికింది. చుట్టు పక్కనే పైపు వంగిపోతుంది, రేకు వైపు తల ఎత్తదు. దానికి తగ్గట్టు పైపు ముక్క కొత్తది కోసి, వంచి, అతికించుకున్నాడు. రాగి వాషర్లు కొత్తవి వేశాడు. పాతవి ఎంత బాగున్నా ఒకసారి నలిగినవి మళ్లీ వెయ్యకూడదు. బోల్టు సగం బిగించి, పైపుని గడియారంలో ముల్లులా కొంచెం కిందికి తిప్పి, "పెట్టు" అన్నాడు.

సన్యాసమ్మ వేలు పెట్టింది. "ఇరుగ్గా ఉంది."

ఇంకొంచెం తిప్పాడు.

"ఆ. ఇప్పుడు పట్టింది. కొంచెం ఆడతంది కూడా."

బోల్టు బిగించాడు. పంపు మీది మీట నొక్కుతూ, పైపులో చేరిన గాలంతా బుడగలు బుడగలుగా పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీశాడు. గుడ్డతో తుడిచాడు. ఈసారి హల్వా ముద్ద సన్యాసమ్మే తుంచి, తనే పెట్టి, చివర్న బొటనవేలితో ఒక నొక్కు నొక్కింది. పొయ్యి దగ్గర పాకం చూసేటప్పుడు నొక్కే నొక్కే అది.

మళ్లీ గేరుపెట్టెలు, డ్రమ్ములు, యాక్సిల్. మళ్లీ వంతెన. ఈసారి ఎక్కేటప్పుడు ముగ్గురూ ముక్కులు ఎగబీల్చారు. కాలవలో నీళ్ల వాసన, చెరుకు ఆకు కాల్చిన వాసన తప్ప ఇంకేం రాలేదు. సత్తిబాబు ఒకసారికి ఊరుకోలేదు, మూడుసార్లు ఎక్కించి దించాడు.

షెడ్డుకి వచ్చి సీటు ఎత్తారు. ముద్ద ఒక పక్క కొంచెం అణిగింది. దాని మీద సన్యాసమ్మ బొటనవేలి ముద్ర గీతలతో సహా అలాగే ఉంది.

ఆమె ఆ ముద్దను తీసి కాకులకి వేసింది. పొట్లంలో మిగిలిన హల్వా చుట్టి సత్తిబాబు చేతికిచ్చింది. "నీకు సుగరు లేదు గదా?" అని అడిగి మరీ ఇచ్చింది.

గురువారం పొద్దున్నే వ్యాను వచ్చింది. మాడుగుల నుంచి రావికమతం పోవడానికి చోడవరం రానక్కర్లేదు. అయినా వచ్చింది. సన్యాసమ్మ పట్టుచీర కట్టుకుని దిగి, ఒక డబ్బా మూత తీసి తమ్ముడి ముక్కు దగ్గర పెట్టింది. ఉమామహేష్ కళ్లు మూసుకుని వాసన చూశాడు. నెయ్యి, వేగిన జీడిపప్పు, కట్టెల పొగ. ఇంకేమీ లేదు.

"సాలు. వాసన మట్టుకే నీది," అని మూత పెట్టేసింది.

ఆ సాయంత్రం తిరిగొస్తూ ఆగి చెప్పింది. మణెమ్మ అందరికంటే ముందు తనే ఒక ముక్క తిందట. తర్వాత ఇంకొకటి తిందట. అప్పుడు పళ్లెం పట్టుకుని పెళ్లివాళ్ల మధ్యకి వెళ్లిందట. అనకాపల్లి మాట సన్యాసమ్మ మళ్లీ ఎత్తలేదు, ఉమామహేష్ గుర్తు చెయ్యలేదు.

అప్పటినుంచి వారం వారం వ్యాను ఆగుతూనే ఉంది. సన్యాసమ్మ పొట్లం తేవడం మానేసింది. ఒక చిన్న ముద్ద మాత్రం అడ్డాకులో చుట్టి తెచ్చి బల్ల మీద పెడుతుంది. "ఇది నీక్కాదు, ఇంజినుకి," అంటుంది. ఇరుకు బండి ఏదొచ్చినా ఉమామహేష్ ఇప్పుడు వేలితో పాటు ఆ ముద్ద కూడా పెట్టి చూస్తున్నాడు. వెనక్కి పిలిపించిన బండ్లలో రెండింటికి పైపులు మార్చాల్సి వచ్చింది కూడా.

బండి సంగతి అడిగేముందు ఆమె ఇంకో పని చేస్తుంది. సుగరు ఎంతుంది, మాత్రలు వేసుకుంటున్నావా అని అడగదు. ఆ కాగితాలు ఆమెకి అర్థం కావు. తిన్నగా గుమ్మం దగ్గరికెళ్లి, మేకు మీది ఉంగరం తీసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని తొడుగుతుంది. చెయ్యి కిందికి వంచుతుంది. అది జారి పడుతుంది. "ఊఁ" అని మళ్లీ మేకుకి తగిలిస్తుంది. ఉమామహేష్ మాత్రలు మానకుండా వేసుకున్నాడు, పొద్దున్నే వంతెన దాకా నడిచాడు, అశ్విని పెట్టిన రాగి సంకటి మాటాడకుండా తిన్నాడు. ఎవరి భయం వల్లో అడిగితే డాక్టరు భయం అనేవాడు.

వరి కోతలు అయిపోయి, చెరుకు బండ్లు రోడ్డెక్కిన రోజుల్లో ఒక వారం సన్యాసమ్మ ఎప్పటిలాగే ఉంగరం తొడిగింది. అది కణుపు దగ్గర కొంచెం ఆగింది. ఆమె మెల్లగా నెట్టింది. లోపలికి వెళ్లింది. చెయ్యి కిందికి వంచింది. ఉంగరం జారలేదు. విదిలించింది. జారలేదు. ఇక తీసి మేకుకి తగిలిద్దామని లాగింది, తిప్పి లాగింది. అది కణుపు దగ్గరే పట్టుకుని కూర్చుంది.

సన్యాసమ్మ తమ్ముడి చెయ్యి వదలకుండానే కిటికీవైపు తిరిగింది.

"ఒసే అశ్వినీ," అని పిలిచింది.  "సబ్బు తేవే."